శుభలేఖ మీద చెక్క గరిటె

మా మామగారు పోయారు. పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున్న, రంగూన్‌లో పజున్‌డౌంగ్ కాలువ ఒడ్డున, రోజూ కూర్చునే బల్ల మీదే గోడకి చేరబడి పోయారు. ఆయన్ని ఎరిగిన పడవవాడొకడు పరుగున వచ్చి, ఆయన చెప్పులూ, పెన్సిలూ, ఒక కాగితమూ మా గుమ్మంలో పెట్టి కాలువ వైపు చెయ్యి చూపించాడు. అతను బర్మావాడు. మా ఇంట్లో ఎవరి పేరూ తెలియదు, ఆయన్ని మాత్రం బాబాయిని పిలిచినట్టు "ఊలే" అని పిలిచేవాడు. కాగితం మీద ఉన్నది అతని పడవే. బొమ్మ పూర్తయింది. అంత ఏడుపులోనూ నాకు ముందు తట్టింది అదే, ఆ పూట బొమ్మ పూర్తి చేసుకునే వెళ్ళారని.

ఆయన గురించి పత్రికలవాళ్ళు రాయరు. చుట్టల కట్టల మీది చీటీలకీ, అగ్గిపెట్టెలకీ, శుభలేఖలకీ చెక్క దిమ్మలు చెక్కి అచ్చువేసే మనిషి. మీరు రంగూన్‌లో చుట్ట కాల్చి ఉంటే ఆయన చెక్కిన నెమలిని ఎప్పుడో ఒకప్పుడు చించి పారేసే ఉంటారు. ఆ మాట ఆయనే నవ్వుతూ అనేవారు. నాకు మాత్రం వినలేనంత కోపం వచ్చేది.

పడుచుతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఒక అచ్చాఫీసులో చేరారు. అక్కడ దిమ్మల పనికి పెద్ద ఒక దొర. ఇంగ్లీషు దొర అని ఎవరైనా అంటే మండిపడేవాడట. తనది వేల్సు, తన భాష వేరు, తన పాట వేరు. "ఏ ఊరోలమని అడక్కండా మనల్ని అందరూ రేవు పేరెట్టి కోరంగీలు అనీస్తే మనకెలాగుంటాది? ఆ దొరకీ అలాగే ఉండీది," అనేవారు మామగారు. ఇద్దరికీ అక్కడే కుదిరింది.

ఆ దొర పని మొదలెట్టే ముందు, పాడైన అచ్చు కాగితం వెనక్కి తిప్పి, ఎదురుగా ఏది కనిపిస్తే అది గీసేవాడు. కెటిల్ కావచ్చు, కిటికీ కావచ్చు. మధ్యాహ్నం అన్నం వేళ మాత్రం తన ఊళ్ళో తను మనసుపడ్డ పిల్ల కోసం ఒక చెక్క గరిటె చెక్కేవాడు. వాళ్ళ దేశంలో అది ఆచారం. మనసైన పిల్లకి అబ్బాయి తన చేత్తో గరిటె చెక్కి ఇస్తాడు. అంతా ఒకే కర్ర. కాడకి గొలుసు ఉంటే మనం ఎప్పటికీ విడిపోమని, చక్రం ఉంటే నీకోసం కష్టపడతానని. గొలుసు కింద చిన్న పంజరం, అందులో దొర్లే గోళీ. ఆ గోళీ బయట నుంచి దూర్చింది కాదు. ఊచల సందుల్లోంచి ఉలి పెట్టి ఆ కర్రలోంచే ఓపికగా విడదీసింది. అది అబ్బాయి మనసు, పిల్ల చేతికి చిక్కిందని అర్థం.

మామగారు చూసి చూసి మా అత్తగారి కోసం ఒకటి చెక్కారు. దొర గరిటె మీద హృదయం బొమ్మ ఉంటే ఈయనకి అది అచ్చం తమలపాకులా కనిపించింది. కాబట్టి ఈనెలతో సహా తమలపాకే చెక్కారు. అత్తగారు ఆ గరిటెతో పప్పు కలపబోతే గొలుసు గిన్నెలో పడిందట. ఆ రోజునుంచి అది కిటికీ పక్కన మేకుకే వేలాడింది. జర్మనీ యుద్ధం వచ్చిన ఏడు దొర వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. అతను నేర్పిన పొద్దుటి బొమ్మా, గరిటే మా ఇంట మిగిలాయి.

నా పెళ్ళి తప్పిపోబోయింది ఆ గరిటె వల్లే.

యుద్ధం ముగిసిన మరుసటేడు సంబంధం ఖాయమైంది. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా నాన్న బట్టల కొట్టు. వెనకే ఇల్లు. కొడుకు పెళ్ళి శుభలేఖ మామగారు స్వయంగా చెక్కి, మొదటి ప్రతి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పైన వినాయకుడు ఉండవలసిన చోట వినాయకుడే ఉన్నాడు. కింద మాత్రం నిలువెత్తు గరిటె.

"ఏటిది బావా?" అన్నారు నాన్న.

"గరిటి బావా. సుబం."

"గరిటని నాకూ తెలుస్తంది. దాని మీద పంజరమేటి? మా గుంట సేతికి గరిటిచ్చి పంజరంలో ఎడతామని ఊరందరికీ అచ్చేసి పంచుతావేటి?"

మామగారు తెల్లబోయారు. "లోపలున్నది మీ గుంట కాదు బావా. మా గుంటడు!"

తలుపు వెనక నేను పకాల్న నవ్వాను. అమ్మ నా జబ్బ గిల్లింది.

"ఎవులైతేటి? పంజరం పంజరమే. సూసినోలు మా గుంటనే అనుకుంటారు. ఈ సమ్మందం నాకొద్దు," అని నాన్న తాంబూలం పళ్ళెం అవతలికి నెట్టేశారు.

నా నవ్వు అక్కడే ఆగింది. పెళ్ళికొడుకుని నేను ట్రాము దిగుతుండగా ఒక్కసారి చూశాను. ఆ ఒక్కసారీ నాకు చాలింది. నాన్న ఒకసారి వద్దన్నది మళ్ళీ కావాలనగా నేనెప్పుడూ వినలేదు.

మామగారు శుభలేఖని దగ్గరగా పెట్టుకుని చూశారు, చెయ్యి చాచి దూరంగా చూశారు, తలకిందులుగా కూడా చూశారు. "నిజమే బావా. దొర కళ్ళతో సూసేను. మనోల కళ్ళతో సూడ్నేదు," అన్నారు. సంచిలోంచి దిమ్మా, చిన్న ఉలీ తీసి మా అరుగు మీదే చతికిలబడ్డారు. పంజరానికి రెండు ఊచలు చెక్కి తీసేశారు. పొట్టు ఊది, దిమ్మ నాన్న చేతిలో పెట్టారు.

"తలుపు తీసీసేను. ఇంక లోపలెవులున్నా, ఉండాలనిపిస్తే ఉంటారు."

నాన్న ఆ ఖాళీలో వేలు పెట్టి చూశారు. పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. ఓడిపోయినట్టు ఉండకూడదని కాబోలు, "గరిటి కొంచెం సిన్నది సెయ్యకూడదా?" అన్నారు.

"సిన్నదైతే మన సుట్టాలకి సాల్దు బావా."

కాపురానికి వచ్చాక చూశాను, కిటికీ పక్కనున్న అసలు గరిటెకీ రెండు ఊచలు లేవు. ఆ రోజే ఇంటికొచ్చి వాటినీ కోసేశారట. అప్పటినుంచి గాలి గట్టిగా వీస్తే చాలు, గోళీ కింద పడేది. "బియ్యంలో దొరికింది, ఇదిగో," అని అత్తగారు విసుక్కుంటూ తెచ్చి ఇచ్చేవారు. ఆయన మళ్ళీ లోపల పెట్టేవారు.

వచ్చిన రెండో వారమే నా ముందు పెన్సిల్ పెట్టారు. "నాకు రాదు మావయ్యా," అన్నాను. "రాకపోతేటి? గియ్యమ్మా. గీసేక ఒంకలెతుకుదాం, గీసేముందెందుకు?" అన్నారు. టీ పోసుకోవాలి, అది చల్లారేలోపు బొమ్మ అయిపోవాలి. అదీ నియమం. ఆయన బొమ్మ ఎప్పుడూ ఆలోపు అయ్యేది కాదు. ఏడేళ్ళలో ఆయన వేడి టీ తాగగా నేను చూడలేదు.

ఇంకో అలవాటు, దేన్నయినా గీసేముందు ఎత్తి చూడడం. పనసకాయ, ఇనపపెట్టె, పొరుగింటి పిల్లి, అన్నీ ఎత్తేవారు. "బరువు తెలీకపోతే గీత తేలిపోద్దమ్మా." కాలువని ఎలా ఎత్తుతారు మావయ్యా అని వేళాకోళం చేస్తే, దోసిట్లో నీళ్ళు తీసుకుని తూచి, "సాలు," అన్నారు.

నేను గీసిన ఎండుచేపల బుట్టని ఆయన చుట్టల చీటీకి ఇచ్చారు. చుట్టల మీద ఎండుచేపలేమిటని అచ్చాఫీసులో అందరూ నవ్వారట. "మా కోడలు గీసింది, బుట్ట బరువు సూడండి," అన్నారట ఈయన. దిమ్మ నాచేతే చెక్కించారు. ఆ చీటీ నా పెట్టెలో భద్రంగా ఉంది. నా జన్మలో అంతగా ఇంకెప్పుడూ గర్వపడలేదు.

ఆయన పోయాక తొమ్మిది రోజులు నేను పెన్సిల్ ముట్టలేదు. తొమ్మిదో నాడు నాన్న వచ్చారు. "అల్లుణ్ణీ, మీ అత్తనీ తీసుకుని రెండు నెల్లు మనింటికాడ ఉండమ్మీ. ఇక్కడ నీకింక ఏటుంది?" అన్నారు. వెళ్తే ఆయన ఉలుల పెట్టెకి తాళం పడుతుంది, మళ్ళీ తెరుస్తారో లేదో. వెళ్ళనంటే నాన్న మనసు కష్టపడుతుంది.

నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. గరిటె తీశారు. ఊచల్లేని వైపు నుంచి గోళీ జారి ఆయన అరచేతిలో పడింది. ఆయన దాన్ని చేతిలో తూచినట్టు ఎత్తి చూశారు. ఆ అలవాటు మామగారిది. ఎప్పుడు అంటిందో తెలియదు. తరవాత బొటనవేలితో మెల్లగా ఆ గోళీని పంజరంలోకి నెట్టడం మొదలుపెట్టారు. వెళ్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

"అలాగే ఉండు నాన్నా," అన్నాను. టీ పోసి ఆయన పక్కన పెట్టి, పాత అచ్చు కాగితం వెనక్కి తిప్పుకుని పెన్సిల్ తీశాను. ముడతల బొటనవేలు, దాని కింద సగం లోపలికి వెళ్ళిన గోళీ. నాన్న ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నారు. ఆయన టీ చల్లారిపోయింది.