చచ్చిపోయిన మాట మీద నా స్లైడ్లు

స్క్రీన్ మీద "స్వేర్" అని కనపడగానే నాకు దిమ్మ తిరిగింది. అది నా స్లైడ్. రంగు కూడా నేను పెట్టిన ఆకుపచ్చే. చూపిస్తున్నది మాత్రం కెనడాలోని మా సస్కటూన్ తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఉండే ఒకబ్బాయి. తర్వాత టర్న్ నాదే.

ఇంగ్లిష్ భాషా చరిత్ర మా ఎలెక్టివ్. వాడుకలోంచి పోయిన ఒక మాట గురించి పది నిమిషాలు చెప్పాలి. మూడు వారాలు చచ్చీచెడీ చేశా. స్వేర్ అంటే బరువైనది. పాత ఇంగ్లిష్‌లో మామూలు మాట. మోసే బరువుకీ అదే, దుఃఖానికీ అదే. పక్కనే "హెవీ" కూడా ఉండేది. రానురాను జనం హెవీతోనే సరిపెట్టుకున్నారు. జర్మన్‌లో దాని చుట్టం ఇప్పటికీ బతికే ఉంది. స్కాట్లండ్‌లో బద్ధకం అనే అర్థంలో మిగిలింది.

తప్పులు చూడమని రూమ్మేట్‌కి ఒక్కదానికే పంపా. బెంచీ కింద ఫోన్ తీసి మెసేజ్ కొట్టా.

"నా ఫైల్ గ్రూప్‌లో పెట్టావా?"

"రిఫరెన్స్ కోసమేనే. మనోళ్ళే కదా!"

"నా కొంప ముంచావ్ కదే!"

గ్రూప్ తెరిచా. నా ఫైల్ ఉంది. ఇంకా పైకెళ్తే పోయిన టర్మ్‌లో ఎవరో పెట్టిన ల్యాబ్ రిపోర్ట్, దాని కింద నా మెసేజ్: "థాంక్స్ అన్నా, బతికించావ్." ఆ రిపోర్ట్‌లో సగం నేనూ దింపేశా.

నా స్లైడ్లు తెరవగానే క్లాసంతా గుసగుసలు. ప్రొఫెసర్ ఇద్దర్నీ ముందుకి పిలిచింది.

"రెండు మాటలుంటే ఇదే ఎందుకు పోయింది?"

అబ్బాయి స్లైడ్‌లో జవాబు వెతికాడు. నేను చెప్పా. "కచ్చితంగా ఎవరికీ తెలీదు మేడమ్. ఎవరూ తీసెయ్యలేదు. అనడం మానేశారంతే."

"మరి నీ పని ఇతనికెలా చేరింది?"

గ్రూప్ మాటెత్తితే నా ల్యాబ్ రిపోర్టూ బయటపడుతుంది. స్కాలర్‌షిప్ పోవచ్చు.

"చెప్పకు అక్కా, ప్లీజ్," అని వాడు తెలుగులో గొణిగాడు. "నువ్వూ తీసుకున్నావ్‌గా."

ఒళ్ళు మండింది. "తీసుకున్నా రా! అదీ చెప్తా!" అని అరిచా. క్లాస్ బిత్తరపోయింది. అప్పుడు ఇంగ్లిష్‌లో చెప్పేశా, ల్యాబ్ రిపోర్ట్‌తో సహా.

ల్యాబ్‌కి సున్నా పడింది. విచారణకి రమ్మని యూనివర్సిటీ నుంచి మెయిలొచ్చింది, స్కాలర్‌షిప్ సంగతి ఇంకా తేలలేదు. రెండ్రోజులకి గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు. తీసింది నా రూమ్మేటే. కోపంగా వెళ్ళి దాని గది తలుపు బాదా.

"నాకూ మెయిలొచ్చిందే," అంది లోపల్నుంచి, ఏడుస్తూ.