ఇనుము గీతలు

మా ఫిజిక్స్ మాస్టారు పోయారని రావులపాలెం బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. చేసింది మా కాలేజీ ప్రిన్సిపాల్‌గారు. "మీరు ఆయన శిష్యురాలు కదండీ, మేగజైనుకి నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అన్నారు. నాలుగు మంచి మాటలు నా దగ్గర లేవు. ఆయనంటే నాకు పడేది కాదు, నేనంటే ఆయనకి అంతకన్నా పడేది కాదు. జరిగింది రాస్తాను.

తొంభైల మొదట్లో అమలాపురంలో బీఎస్సీ చదివేటప్పుడు, సోడియం దీపం వెలుగును స్పెక్ట్రోమీటరులో చూసే ప్రయోగం ఉండేది. పక్కపక్కనే రెండు పసుపు గీతలు కనిపించాలి. నాకు ఒకటే కనిపించింది. పుస్తకంలో ఉన్నట్టు రెండూ రాసేశాను. మాస్టారు రికార్డు తిరగేసి, "రెండోది ఎప్పుడు చూసేవు?" అన్నారు. రికార్డు వరండాలోకి విసిరేశారు. క్లాసంతా చూస్తుండగా వంగి కాయితాలు ఏరుకున్నాను.

"కనపడనిది రాసేవాళ్ళకి ల్యాబెందుకమ్మా? ఇంట్లో కూచుని రాసుకోవచ్చు."

సుద్దముక్కను విరిచి సగం చొక్కా జేబులో దాచుకునే అలవాటు ఆయనకి. మెచ్చుకోలు కూడా అలాగే దాచుకున్నారు. మూడేళ్ళలో ఎవరికీ ఒక్కటీ తీసి ఇవ్వలేదు.

పదేళ్ళ తర్వాత నేను అదే కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని క్వేజార్ల వెలుగు మీద. అవి ఎంతో దూరాన మహా కాంతితో వెలిగే గెలాక్సీ కేంద్రాలు. విశ్వం పిన్న వయసులో ఉన్నప్పుడు బయల్దేరిన వాటి వెలుగు ఇప్పుడు మనకు అందుతోంది. దారిలో హైడ్రోజన్ మబ్బులు అడ్డొస్తాయి. ఒక్కో మబ్బు ఆ వెలుగులో కొంచెం మింగి, వర్ణపటంలో ఒక చీకటి గీత మిగులుస్తుంది. మబ్బు ఎంత దూరాన ఉంటే గీత అంత ఎర్రవైపు జరుగుతుంది. గీతలు ఎక్కడ గుంపుగా, ఎక్కడ పలచగా ఉన్నాయో చూస్తే ఆ తొలి రోజుల్లో పదార్థం ఎలా పోగుపడిందో తెలుస్తుంది. మా గైడుగారు సీడీలో ఇచ్చిన ఒక వర్ణపటంలో నాకు రెండు గుంపులు దొరికాయి. పేపరు రాసి జర్నల్‌కి పంపేశాను. కాలేజీ హాల్లో ఉపన్యాసమూ ఇచ్చాను.

అప్పటికే రిటైరైన మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. చప్పట్లు ఆగకముందే లేచారు.

"ఏమ్మా, ఇవన్నీ హైడ్రోజనేనని నీకెవరు చెప్పేరు? దారిలో దగ్గరున్న గెలాక్సీ ఏదైనా అడ్డొస్తే, దాన్లో ఇనుం గీతలు ముందే ఎర్రవైపుంటాయి కనక, కొంచెం జరిగినా ఇక్కడే పడొచ్చు కదా. చూసేవా?"

చూడలేదు. అది ఒప్పుకోలేక, "మీరు రిటైరై చాలా ఏళ్ళయిందండీ, ఇది మీ సిలబస్‌లో లేదు" అన్నాను. పిల్లలు నవ్వారు.

"ఆయ్, లేదు. నువ్వు అప్పుడూ ఇంతే. కావల్సింది రాసేసేవు" అని ఆయన వెళ్ళిపోయారు.

ఆయనదే తప్పని చూపించాలని వారం రోజులు కోపంతో లెక్కలు వేశాను. మొదటి గుంపులో గీతల మధ్య దూరాలు ఇనుముకు అచ్చంగా సరిపోయాయి. గుంపంతా దగ్గర్లోని ఒకే ఒక్క గెలాక్సీ చేసిన పని. పేపరు వెనక్కి తీసుకున్నాను. పట్టా రెండేళ్ళు ఆలస్యమైంది. రెండో గుంపు మాత్రం అన్ని పరీక్షలకూ నిలబడింది.

థీసిస్ పట్టుకుని ముక్తేశ్వరంలో వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు కూర్చోమనలేదు.

"రెండన్నావు. ఒకటే మిగిలిందా?"

"అవునండీ. మీకు థాంక్స్ చెబుదామని వచ్చేను."

"నాకెందుకు? నీ కోసం అడిగేనా? తప్పు కనక అడిగేను."

ఆయన భార్య మజ్జిగ తెచ్చారు. నేను తాగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు, ఎప్పుడు కదులుతానా అని.

అంతటితో వదల్లేదు. కనపడ్డవాళ్ళందరితో "ఆ అమ్మాయి థీసిస్‌లో సగం ఇనుమే" అన్నారట. పిల్లలు నాకు ఇనుం మేడం అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు. ఆ ఒక్కదానికీ ఆయన్ని నేను క్షమించలేదు. అయినా ఎవరైనా రికార్డు తెచ్చి చూపిస్తే నా నోట మొదట వచ్చేది "ఎప్పుడు చూశావు?" అనే. నాకిష్టం లేకపోయినా వస్తుంది.

చివరిసారి ఆయన్ని చూసింది కోటిపల్లి నుంచి గోదావరి దాటే పంటు మీద. వానాకాలం. నన్ను చూసి మొహం తిప్పుకుని, అవతలి అంచున మోటారుసైకిళ్ళ పక్కన నిలబడ్డారు. రేవులో దిగేటప్పుడు చెక్క తడిసి జారుతోంది. చెయ్యి అందించాను.

"అక్కర్లేదండీ" అన్నారు.

నన్ను అండీ అనడం అదే మొదటిసారి. గౌరవం ఇచ్చారో, పూర్తిగా పరాయిదాన్ని చేశారో నాకు అర్థం కాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో ఒక్కో అడుగూ చూసి వేస్తూ, వెనక్కి తిరక్కుండా గట్టెక్కి వెళ్ళిపోయారు.