తిరగేసి పెట్టినా కూర్చునే లాచ్

కరోనా రెండో విడత తగ్గి, మాస్కులు గడ్డం కిందికి జారుతున్న ఏడాది అది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వెళ్లే దారిలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను డిజైన్ ఇంజినీరుని. మేము చేసేవి ఎంసీబీలు, అంటే సర్క్యూట్ బ్రేకర్లు. ఇంట్లో మీటరు పక్కన పెట్టెలో వరసగా ఉండి, కరెంటు ఎక్కువైతే టక్కున కిందికి పడే చిన్న స్విచ్చులు అవే. బయటికి అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ దిమ్మెలా కనిపిస్తుంది. విప్పితే లోపల ఇరవైకి దగ్గరగా భాగాలుంటాయి: వేడెక్కితే వంగే బైమెటల్ పట్టీ, రాగి తీగ చుట్ట, స్ప్రింగులు, వాటి మధ్యలో లాచ్ అనే చిన్న ప్లాస్టిక్ కొక్కెం. స్విచ్చును పైన పట్టి ఉంచేది ఆ లాచే. కరెంటు మితిమీరితే బైమెటల్ వంగి దాన్ని తోస్తుంది, అది పట్టు వదులుతుంది, సరఫరా ఆగిపోతుంది.

అప్పటిదాకా తొమ్మిది మంది ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని వీటిని చేత్తో బిగించేవారు. ఆ ఏడాది మా యజమాని సుబ్బరాయుడు గారు ఆటోమేటిక్ అసెంబ్లీ మిషన్ తెప్పించారు. దానికి బౌల్ ఫీడర్ అని ఒక గిన్నె ఉంటుంది. భాగాలను గుప్పెడు గుప్పెడు అందులో పోస్తే, అది వణుకుతూ వాటిని మెట్ల దారి మీద ఒకదాని వెనక ఒకటి పైకి పంపుతుంది. చూడ్డానికి చీమల బారులా ముచ్చటగా ఉండేది. కానీ బిగింపు పూర్తయిన బ్రేకర్లలో సగానికి సగం మిషనే పక్కకు తోసేస్తోంది. వాటిలో లాచ్ కాస్త ఎత్తుగా కూర్చుంటోందని దాని సెన్సరు చెబుతోంది.

మిషన్ అమ్మినవాళ్ల టెక్నీషియన్ పూణే నుంచి వచ్చి, మూడు రోజులు చూసి, మిషన్‌లో లోపం లేదు, మీ లాచ్‌లోనే ఏదో ఉందని తేల్చి వెళ్లిపోయాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ లాచ్ గీసింది నేనే. ఉద్యోగంలో నా మొదటి డ్రాయింగ్ అది. కోపం తగ్గాక మాత్రం ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇదే లాచ్‌తో ఇన్నేళ్లుగా చేత్తో బిగిస్తున్నారు కదా, వాళ్లకు రాని ఇబ్బంది మిషన్‌కు ఎందుకొస్తోంది?

ఒక స్టూలు తెచ్చుకుని ఓబులమ్మ పక్కన కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర అందరికంటే పెద్దది ఆమె. ఊరు జమ్మలమడుగు దగ్గర పల్లె, భర్త గొర్రెలు మేపుతాడు. ఆమె చేతులు చూస్తుంటే గంటసేపటికి ఒకటి కనబడింది. ప్రతి లాచ్‌నూ గూట్లో పెట్టే ముందు బొటనవేలితో ఒకసారి నిమురుతోంది. ఒక్కోసారి తిప్పి పెడుతోంది, ఒక్కోసారి తిప్పడం లేదు.

"ఏందక్కా, పెట్టేముందు దాన్ని అట్ట నిమురుతాండావు?"

"నిమురుతాండానా?" అని తన వేళ్లకేసి తనే వింతగా చూసుకుంది. మెల్లగా చేసి చూపించమంటే చేయి ఆగిపోయింది. "నువ్వు సూస్తాంటే నాకు పని రాల్యా మేడం," అని నవ్వింది. కాసేపటికి ఒక లాచ్ నా అరచేతిలో పెట్టింది. "ఈ పక్క సన్నగా గరుకుంటాది, తాకి సూడు. ఆ గరుకు పైకి రావల్ల. కిందికి పోతే మూత సరిగ్గా కూసోదు. గట్టిగా ఒత్తితే కూసుంటాది గానీ, నాకు మనసొప్పదు."

తాకి చూశాను. మౌల్డు నుంచి ఊడేటప్పుడు మిగిలిపోయే చిన్న మచ్చ అది, నా డ్రాయింగ్‌లో లేనే లేదు. లోపలి రాగి చుట్టకు తగలకుండా లాచ్‌ను ఇరుసుకు గుచ్చే రంధ్రాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపింది నేనే. అందువల్ల దానికి పైవైపు, కిందివైపు వేరయ్యాయి. కంటికి మాత్రం రెండూ ఒకటే. వైపు చూసి పెట్టాలని అసెంబ్లీ చార్టులో రాశాను, ఎలా చూడాలో రాయలేదు. ఆ లోటును ఈమె బొటనవేలు ఇన్నేళ్లుగా పూడుస్తోంది. మిషన్‌కు బొటనవేలు లేదు.

"ఇదంతా ఆ మిషన్‌కి నేర్పనీకేనా?" అని ఓబులమ్మ ఉన్నట్టుండి అడిగింది. "అది నేర్సుకుంటే మేమేం జెయ్యల్ల?"

నేను లాచ్‌ను బల్ల మీద పెట్టి లేచాను. ఆ తర్వాత రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

మూడో రోజు పులివెందుల డీలరు నుంచి ఫోను. ఒక చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, కాపలా గదికి పెట్టిన మా బ్రేకర్ పడలేదని, వైరు కాలిపోయిందని చెప్పాడు. వెంటనే బయల్దేరి వెళ్లాను. తోట రైతు చిన్నపరెడ్డి గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. గది గోడ మీద మసి చార. మంచం మీద కూర్చున్న ఆయన భార్య ఈశ్వరమ్మ కుడి అరచేతికి కట్టు ఉంది. పొగ చూసి పరుగున వచ్చి మెయిన్ స్విచ్ లాగినప్పుడు కాలిందట.

"వైరంతా మాడిపోయినా మీ బ్రేకరు కిందికి పడలే. దీన్ని ఎందుకు పెట్టుకోవల్ల మేము?" అన్నాడు చిన్నపరెడ్డి.

అక్కడే మంచం అంచున కూర్చుని బ్రేకర్ విప్పాను. లాచ్ తలకిందులుగా ఉంది. ఎవరో మూత గట్టిగా ఒత్తి మూసేశారు. కొత్తలో అలాంటిది బాగానే పనిచేస్తుంది, మా పరీక్షల్లోనూ నెగ్గుతుంది. రోజులు గడిచి వేడి తగిలే కొద్దీ గూట్లో బిగుసుకుపోతుంది. అప్పుడు బైమెటల్ ఎంత తోసినా కదలదు.

"బిగించేటోళ్లు తిరగేసినారా?" అని ఆయన అడిగాడు.

"తిరగేసినా పట్టేట్టు గీసింది నేను, అన్నా. తప్పు నాది."

 ఈశ్వరమ్మ కల్పించుకుని, "మరి ఇట్టాటివి ఇంకెన్ని ఇండ్లల్లో ఉండాయి పాపా?" అంది. కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగింది.

తిరిగి వచ్చేదాకా ఆ ప్రశ్నే. బ్రేకర్ పక్కన అచ్చయిన లాట్ నంబరు పట్టుకుని రిజిస్టరు తీస్తే, అది ఓబులమ్మ అత్తను చూపించడానికి కడప ఆసుపత్రికి వెళ్లిన వారం. ఆమె సీట్లో కొత్తగా చేరిన సుజాత కూర్చుంది. ఆ లాటంతా వెనక్కి తెప్పించాలని సుబ్బరాయుడు గారికి చెప్పాను.

"పేరు పోతాదమ్మా," అన్నారు.

"పోయేది పేరొక్కటే అయితే నయమే సార్."

ఆయన రిజిస్టరు మూసి, వ్యాను పంపమన్నారు. ప్రొద్దుటూరు, మైదుకూరు, కమలాపురం అంగళ్లు తిరిగి, అమ్మినవాటి ఆచూకీ పట్టి, ఇళ్లలోవి కూడా మార్చాం. విప్పుతుంటే తిరగబడ్డవి ఇంకా బయటపడ్డాయి. సుజాత ఏడుపు ఆపడం లేదు. బల్ల దగ్గర అందరి ముందూ నిలబడి, ఇది ఆమె తప్పు కాదు, నా గీతలో తప్పు అని చెప్పాను.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఓబులమ్మ నా గదికి వచ్చింది. "ఆ పిల్ల మీదికి తొయ్యకుండా జెప్పినావు. శానా మంది చెప్పరు. దా, ఇంకేం కావల్నో అడుగు. ఒకటి మాత్రం. ఆ మిషన్ కాడ నిలబడే పని గూడా మాకే నేర్పియ్యల్ల."

ఆ మాట తీసుకుని మళ్లీ సుబ్బరాయుడు గారి దగ్గరికి వెళ్లాను. కుదిరినంత మందికి అన్నారు.

లాచ్‌కు ఒక పక్క చిన్న చెవి పెట్టి గీశాను. గూట్లో దానికి సరిపడే గాడి. తిరగేస్తే అసలు దిగదు. మొదటి నమూనాలు వచ్చాయి, మిషన్ గిన్నెలో ఒకదానికొకటి కొట్టుకుని చెవులన్నీ విరిగిపోయాయి. ఓబులమ్మ ఒక ముక్కను వేలి కొనన పెట్టుకుని, "ముక్కుపుడకంత పెడితే యాడ నిలుస్తాది?" అంది. రెండోసారి మొహమాటం లేకుండా పెద్దది పెట్టాను. గిన్నె దారిలో ఒక పక్క కత్తిరింపు పెట్టించాం. తలకిందులుగా వచ్చిన లాచ్ అక్కడ తూలి మళ్లీ గిన్నెలోకి పడిపోతుంది. ఓబులమ్మ కళ్లు మూసుకుని, పట్టుబట్టి తప్పుగా పెట్టాలని చూసింది. బలంగా ఒత్తింది కూడా. దిగలేదు. మరుసటి వారం మిషన్ ఒక పూటంతా ఆగకుండా నడిచింది.

తొమ్మిది మందిలో నలుగురు మిషన్ మీదికి, టెస్టింగ్‌కు వెళ్లారు. వాళ్లలో ఓబులమ్మ ఒకరు. ముగ్గురు ప్యాకింగ్‌లో ఉన్నారు. ఇద్దరికి పని లేకుండా పోయింది. అందులో సుజాత ఒకతె. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో చేరిందని విన్నాను. ఈ కథ అందరికీ మంచిగా ముగిసిందని నేను చెప్పలేను.

నేను నేర్చుకున్నది ఇది. మిషన్ కోసం డిజైన్ చేయడమంటే మిషన్‌కు సులువు చేయడమని అనుకునేదాన్ని. కానీ తప్పుగా పెట్టడానికి వీలున్న భాగాన్ని ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు తప్పుగా పెట్టే తీరతారు, అది చెయ్యయినా, మిషనైనా. ఆ వీలు తీసేయడం గీసేవాళ్ల పని. ఇప్పుడు ఏ భాగం గీసినా ముందు మైనంతో నమూనా చేయించి, దీన్ని ఎన్ని రకాలుగా తప్పుగా పెట్టొచ్చో చూపించమని ఓబులమ్మను అడుగుతాను. మొన్న కొత్త స్ప్రింగు గూడు ఒకటి ఇచ్చాను. రెండు రకాలుగా తప్పు జరగొచ్చని ముందే లెక్కేసుకుని, రెండింటికీ అడ్డం పెట్టి గీశాను. ఆమె టీ తాగేలోపు మూడోది చూపించింది.