మామ నోట వేరే గొంతు

మా అమ్మ తమ్ముడికి దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల షెడ్డు ఉంది. ఇంటి వెనక రేకుల కప్పు కింద, పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా ఆగని మగ్గాలు. చిన్నప్పుడు బెంగళూరు పేటలోని మా ఇంటి నుంచి సెలవులకు అక్కడికి వెళ్తే ఆ చప్పుడులోనే తినేవాళ్ళం, ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్ళం. ఏళ్ళ తరబడి అందులో నిలబడి మామ చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా కాదు. దగ్గరికి వచ్చి గట్టిగా మాట్లాడితే కొంత వినిపిస్తుంది. మిగతాది ఎదుటివాళ్ళ పెదవులు చూసి పట్టుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే మాత్రం ఒకటి అంటే ఒకటి వింటాడు. చెవి మిషన్ కొనిపెడితే, షెడ్డులోకి వెళ్ళగానే తల పగిలిపోతోందని తీసి బీరువాలో పడేశాడు.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీకి బొమ్మలు వేస్తాను. ఫ్యాక్టరీ గోడలకు అంటించే బొమ్మలు. హెల్మెట్ పెట్టుకోండి, తడి చేతులతో స్విచ్ ముట్టుకోకండి, అలాంటివి. ఆఫీసు బస్సు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో కదలకుండా నిలబడినప్పుడు ఏమీ తోచక ఫోన్లో ఒక కామిక్ గీయడం మొదలుపెట్టాను. సూపర్‌హీరోల మీద వెటకారంగా. నా హీరో నడివయసు మనిషి. పొట్ట ఉంటుంది, ఎగరగలడు, కానీ చెవులు సరిగా వినపడవు. కింద ఎవరో "దొంగ, దొంగ" అని అరిస్తే "వంగ, వంగ" అని విని మార్కెట్టు నుంచి బస్తాడు వంకాయలు మోసుకొస్తాడు. "మంట" అంటే "వంట" అనుకుని, కాలుతున్న ఇంటి ముందు దిగి, భోజనానికి చేతులు కడుక్కోవడానికి నీళ్ళ ట్యాంకు విప్పుతాడు. ఎలాగోలా పని మాత్రం అయిపోతుంది. బస్తా జారి దొంగ నెత్తిన పడుతుంది, ట్యాంకు నీళ్ళకు మంట ఆరిపోతుంది. భుజాన వేసుకునేది అంచు నేతలో తప్పుపడి ఎవరూ కొనని పట్టుచీర.

ఆ బొమ్మలను మొదట చూసింది మామే. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో గడీ నెమ్మదిగా చదివాడు. వంకాయల దగ్గర చాలాసేపు నవ్వాడు.

"నన్నే గీసినావు కదా పాపా," అన్నాడు. "పొట్ట నాదే. ముక్కు మాత్రం మీ నాయనది."

నెట్లో పెట్టిన ఆ కామిక్‌ను చాలామంది చదివారు. కొన్నాళ్ళకు ఒక దర్శకుడు ఫోన్ చేశాడు. విజయవాడ నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవాడు, నాకంటే చిన్నవాడు. నిజమైన మనుషులతో, నిజమైన వీధుల్లో దాన్ని టీవీ సిరీస్‌గా తీయాలని ఉందన్నాడు. హూడిలో వాళ్ళ ఆఫీసుకు వెళ్తే నా బొమ్మలన్నీ పెద్దగా ప్రింటు తీయించి గోడకు అంటించి ఉన్నాయి.

"మేడమ్, మీ వంకాయల ఎపిసోడ్ మా అమ్మకి చదివి వినిపించానండీ. ఆవిడ నవ్వలేక పొట్ట పట్టుకుంది," అన్నాడు. ఆ మాటకే నేను సగం ఒప్పుకున్నాను. అతను మంచివాడు. ఈ కథలో చెడ్డవాడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఒప్పందం మీద సంతకం పెట్టాను. నన్ను సలహాదారు అన్నారు.

సలహా ఎవరు తీసుకుంటారన్నది మొదటి మీటింగులోనే తెలియాల్సింది. హీరోగా కుదిరిన నటుడు పొట్ట పెట్టుకోనన్నాడు. సరే, పోనీ అనుకున్నాను. తర్వాతి మీటింగుకు హీరో వయసు తగ్గిపోయింది. ఆ తర్వాత ఛానెల్ వాళ్ళ దగ్గర నుంచి ఒకాయన వచ్చాడు. హీరోకి చెవుడంటే ఎవరైనా నొచ్చుకుంటారట, దాని బదులు ఊళ్ళో ఎవరు ఎక్కడ గుసగుసలాడినా వినిపించే శక్తి పెడదామన్నాడు.

"చెవుడు తీసేస్తే ఇంక అందులో ఏముండాది సార్?" అన్నాను.

"కామెడీ ఎక్కడికీ పోదు మేడమ్. హీరోకి ఒక ముసలి మేనమామ ఉంటాడు, నేతపని చేసుకుంటూ. ఆయనకి వినపడదు. ఆ జోకులన్నీ ఆయనకి షిఫ్ట్ చేస్తున్నాం, అంతే," అన్నాడు ఛానెల్ ఆయన.

"హీరోకి ఉంటే తప్పు, ముసలాయనకు ఉంటే కామెడీనా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. మంచి పాయింట్ అన్నారు. ఒకమ్మాయి రాసుకుంది కూడా. వారం తిరిగాక వచ్చిన స్క్రిప్టులో ఒక్క అక్షరం మారలేదు. ఆ తర్వాత ప్రతి మీటింగూ ఇలాగే నడిచింది. నేను చెప్పడం, అందరూ ఒప్పుకోవడం, ఏదీ మారకపోవడం. గొడవ పెట్టుకుందామన్నా ఎదురు చెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు.

షూటింగుకు మగ్గాల షెడ్డు కావాలంటే దర్శకుణ్ణి దొడ్డబళ్ళాపురం తీసుకెళ్ళాను. అతను షెడ్డుకంటే మామనే ఎక్కువ చూశాడు. తిరుగు ప్రయాణంలో, ఆ మేనమామ వేషం ఆయనతోనే వేయిస్తానన్నాడు. నేను వద్దన్నాను. అతను కారు పక్కకు ఆపించి మరీ చెప్పాడు: "ఆ చెవిటి జోకులు ఒక్కటి కూడా షూట్ చేయను మేడమ్. హీరోకి చీర కప్పే సీన్, మగ్గం దగ్గర నాలుగు షాట్లు. నా మీద వదిలేయండి."

మామను అడిగితే, నేను మాట పూర్తిచేయకముందే ఒప్పుకున్నాడు. అత్తే అడ్డుపడింది. "ఈయనకు వినబడదు కదా, వాళ్ళు మొదలుపెట్టమనింది ఎట్ల తెలుస్తాది?"

"చెయ్యి ఎత్తుతారంటలే. షెడ్డులో మేమంతా చేతుల్తోనే కదా మాట్లాడుకునేది," అన్నాడు మామ.

షూటింగ్ రోజు కొత్త పంచె కట్టుకుని, వద్దన్నా జుట్టుకు రంగు వేసుకుని వచ్చాడు. ఆ రంగు కడిగించడానికే చాలాసేపు పట్టింది. మగ్గాలన్నీ ఆపేశారు. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. సీను చిన్నది. హీరో వచ్చి నిలబడితే, మామ అంచు తప్పిన చీర అతని భుజాల మీద కప్పి "జాగ్రత్త నాయనా" అనాలి. దర్శకుడు చెయ్యి ఎత్తాడు. మామ చీర కప్పాడు, మడత సరిచేశాడు, హీరో ముఖంలోకి చూస్తూ అన్నాడు:

"కొంచెం కిందనే ఎగురప్పా. పైనంతా కేబుల్ వైర్లుండాయి."

లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. హీరో వేసిన అబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. దర్శకుడు వచ్చి మామ చేతులు రెండూ పట్టుకున్నాడు. ఇంకోసారి తీయనే లేదు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ, ఎన్ని మార్చినా ఈ ఒక్కటి నిలుస్తుందనుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆ బస్సులోనే మళ్ళీ కాస్త బొమ్మ గీశాను.

విడుదలకు కొద్ది రోజుల ముందు దర్శకుడు హూడికి రమ్మన్నాడు. గోడ మీద నా బొమ్మలు లేవు, ఇంకేదో సిరీస్ తాలూకు ఫోటోలు ఉన్నాయి. అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, తను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

తెర మీద మామ ఉన్నాడు. చీర కప్పాడు. నోరు కదిలింది. కానీ వచ్చిన గొంతు మామది కాదు. కీచుమంటూ సాగదీసే ముసలి గొంతు, సినిమాల్లో పిచ్చివాళ్ళకు పెట్టేలాంటిది. "ఏంటీ, వంకాయలా? ఎన్ని కిలోలు?" అంది. మామ వెనక్కి తిరిగి మగ్గం సవరించుకుంటున్న షాట్లలో ముఖం కనబడదు కాబట్టి, అక్కడంతా అదే గొంతుతో జోకులు నింపారు.

"మా మామ అనిన మాట ఇది కాదు," అన్నాను.

"తెలుసు మేడమ్. నేనక్కడే ఉన్నాను కదా." అతను నా వైపు తిరగలేదు. "యాస అర్థం కావట్లేదని ఛానెల్ వాళ్ళు డబ్బింగ్ చెప్పించారు. ఎడిటింగ్ నా దగ్గర నుంచి తీసేసుకుని చాలా రోజులైందండీ. నా పేరు తీసేయమన్నా తీయట్లేదు."

ఛానెల్ ఆఫీసుకు వెళ్ళాను. కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు, అంతా శ్రద్ధగా విని, మళ్ళీ మాట్లాడతామన్నారు. మాట్లాడలేదు. ఒప్పందం ప్రకారం నా బొమ్మలు వాళ్ళవి, షూటింగ్ రోజు మామ పెట్టిన సంతకంతో ఆయన ముఖం కూడా వాళ్ళదే.

మామ అప్పటికే వీధి వీధంతా చెప్పేశాడు. విడుదలైన ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ హాల్లో కాలు పెట్టే చోటు లేదు. నేను ముందే వెళ్ళి వంటింట్లో అత్తకు విషయం చెప్పాను. ఆమె ఉప్మా కలుపుతూనే విన్నది.

"ఇప్పుడు చెప్పద్దు," అంది. "జుట్టు కత్తిరించుకుని వచ్చినాడు."

మామ టీవీకి ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఆయన సీను వచ్చింది. ఆ గొంతు హాలంతా నిండింది. పక్కింటివాళ్ళు ఒక్కసారిగా నవ్వి, వెంటనే ఒకరి ముఖాలొకరు చూసుకుని ఆగిపోయారు. మామకు ఆ గొంతు చేరలేదు. ఆయన తెర మీది తన పెదవులనే చూస్తున్నాడు. పెదవుల మీద ఆయన అన్న మాటే ఉంది. వెనక్కి తిరిగి, నవ్విన ముఖాలను చూసి, నా వైపు వేలు చూపించాడు.

"చూస్తివా? వైర్ల మాటకు నవ్వినారు."

"అవును మామా," అన్నాను. అత్త వంటింట్లో నుంచి బయటికి రాలేదు.

రెండు వారాలు కూడా దాగలేదు. మామ అంగడికి పోతుంటే వీధిలో పిల్లలు ఎదురొచ్చి ఆ డైలాగు చెప్పడం మొదలుపెట్టారు. పెదవులు చదివే మనిషి దగ్గర దాన్ని ఎవరు దాచగలరు? నేను వెళ్ళిన రోజు షెడ్డు గుమ్మంలో కూర్చోబెట్టి అడిగాడు.

"ఆ పిల్లోళ్ళు నన్ను చూసి వంకాయలు, కిలోలు అంటాండారు. నేను అట్ల అనలేదే."

ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా స్పష్టంగా కనబడేలా అంతా చెప్పాను. వేరే ఎవరో మాట్లాడారని, ఆయన మాట తీసేశారని, నేను ఆపలేకపోయానని. ఆయన నా నోటి మీద నుంచి చూపు తిప్పలేదు.

"అట్లనా," అన్నాడు. "మల్ల నా గొంతు యాడ పెట్టినారు?"

కోపంగా అనలేదు. వస్తువు కనబడకపోతే అడిగినట్టు అడిగాడు. కనుక్కుంటానన్నాను.

దర్శకుడికి ఫోన్ చేస్తే ఎత్తాడు. అసలు రికార్డింగు ఛానెల్ వాళ్ళ దగ్గరే ఉందని, బయటికి ఇవ్వరని, తన దగ్గర కాపీ లేదని చెప్పాడు. తను ఇప్పుడు నగల అంగడి యాడ్ ఒకటి చేస్తున్నాడట. "సారీ మేడమ్," అన్నాడు. రెండో భాగం రాస్తున్నారని, దానికి సలహాదారు ఎవరూ లేరని మాటల్లో తెలిసింది. నా హీరోను నేను మళ్ళీ గీయాలంటే వాళ్ళ అనుమతి కావాలి. ఒకసారి అడిగాను. జవాబు రాలేదు.

మామకు చెప్పడానికి మళ్ళీ వెళ్ళాను. షెడ్డులో మగ్గాలు నడుస్తున్నాయి. దొరకదని చేత్తో సైగ చేశాను. ఆయన తెగిన పోగు ముడివేస్తూ తల ఊపాడు, లోపలికి వెళ్ళి తినమని వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అంగడికి మాత్రం అత్తను పంపుతున్నాడు.

ఆ సాయంత్రం బెంగళూరు బస్సులో నా వెనక సీట్లో ఎవరో ఫోను గట్టిగా పెట్టి సిరీస్ చూస్తున్నారు. ఆ కీచు గొంతు వచ్చింది, ఇద్దరు నవ్వారు. లేచి ముందుకు వెళ్ళాను. సీట్లు ఖాళీ లేవు. యలహంక దాకా నిలబడే వచ్చాను.