చీమలకు వేసిన వంతెన

మొన్న చింతామణి వెళ్లే బస్సులో ఎవరో మల్బరీ ఆకు మూటను నా కాళ్ల దగ్గర పెట్టారు. ఆ పచ్చి వాసనకు నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

పాతపాళ్యలో మా అమ్మ పట్టుపురుగులు పెంచేది. చీమలు ఎక్కకుండా, పురుగుల తట్టలుంచిన స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేది. ఏ ప్రాణినైనా దాని కళ్లతో చూడాలని లైబ్రరీ పుస్తకాల్లో నేర్చుకున్న గర్వం నాది. నేలమీద బోర్లా పడుకుని చీమనయ్యాను. గిన్నె సముద్రంలా కనిపించింది. జాలేసి, దానిమీద ఒక పుల్లను వంతెనగా వేశాను. చీమలు తట్టల్లో పురుగులకు వేసిన మల్బరీ ఆకు తినడానికే వెళ్తాయనుకున్నాను.

తెల్లారేసరికి ఒక తట్టలో పురుగులన్నీ చీమలు పట్టి మెలికలు తిరుగుతున్నాయి.

"బిడ్డల మాదిరి సాకితిని గదే! చీమకు దోవేసినావు, పురుగు యాడికి పోతాది?" అంటూ అమ్మ నా చేతే వాటిని ఏరించింది. "కోళ్లకెయ్యి."

"ఇంకా కదల్తాండాయమ్మా!"

"కదిలేటివే కోళ్లకిష్టం."

చీమ కళ్లతో చూసినదాన్ని, పురుగు కళ్లతో చూడలేకపోయానని చాలాకాలం సిగ్గుపడ్డాను. మిగిలిన తట్టల్లో పురుగులు గూళ్లు కట్టాయి. లోపల పురుగు బతికుండగానే గూళ్లను ఉడకబెట్టి పట్టుదారం తీసేవాళ్లకు వాటిని అమ్మిన రోజు అమ్మ ఒబ్బట్లు చేసింది. నేను నాలుగు తిన్నాను.