ఇరవై రెండు సంతకాలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. అలాంటి నేను పద్నాలుగు నెలలు ఒక విషయాన్ని కడుపులో దాచుకుని తిరిగాను. అది మా ఎదురింటి లైన్‌మన్ అన్నయ్యకి తెలియకూడని విషయం.

ఆయన నాకు సొంత అన్నయ్యేం కాదు. పదకొండేళ్ళుగా మెట్ల మీద రోజూ ఎదురుపడే మనిషిని ఏదో ఒకటి పిలవాలి కదా, అందుకని ఆయన అన్నయ్య, ఆయన భార్య వదిన. టెలిఫోను కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు తీగలు లాగి, స్తంభాలెక్కి రిటైరయ్యాడు. తీగల ఫోన్లు పోయాక ఆయన తలుపు కొట్టేవాళ్ళు కూడా తగ్గారు. అయినా మా బిల్డింగులో పదహారు ఇళ్ళకీ ఫోనంటే ఆయనే. కొత్తది కొనాలన్నా, పాతది మొరాయించినా ఆయన్నే అడిగేవాళ్ళం. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకుని, అప్పుడు చెప్పేవాడు. ఆ గొంతు సవరించుకోవడంలో ఎంత సంతోషముండేదో! దానికోసమే కొందరు తెలిసిన సంగతే మళ్ళీ అడిగేవాళ్ళు. నేనూ అడిగాను, అబద్ధమెందుకు.

చిక్కల్లా ఒక్కటే. మా అందరివీ ఆయన పనిచేసిన కంపెనీ నంబర్లే. ఆ కంపెనీ సిగ్నల్‌కి మా బిల్డింగంటే ఎందుకో మొహమాటం. మెట్ల మలుపు దాకా వచ్చి అక్కడే నిలబడేది, ఇళ్ళలోకి అడుగుపెట్టేది కాదు. నేను బట్టలు కుడతాను. కొలతలు చెప్పడానికి ఎవరైనా ఫోన్ చేస్తే మెడలో టేపుతోనే మెట్ల మలుపుకి పరిగెత్తాలి. "నడుము ముప్పై ఆరా, ముప్పై ఎనిమిదా?" అని నేనక్కడ అరుస్తుంటే ఎవరి నడుమెంతో నాలుగంతస్తులకీ తెలిసిపోయేది.

"కంపెనీ మారిపోదామా అన్నయ్యా?" అని ఒకసారి అడిగాను.

"తొందరేముందమ్మా, ఆర్నెల్లు ఆగు. ఇటువైపు టవర్ పడుతుంది."

"కొత్త కంపెనీవాళ్ళకి ఇప్పుడే ఉందిగా?"

"ఇవాళ ఉంటుంది. రేపు జనం పెరిగితే వాళ్ళదీ ఇంతే. లైనన్నాక రెండు చివరలా పరీక్ష చేసి చూడాలి. ఊరికే మాటివ్వకూడదు."

ఆర్నెల్లు గడిచేవి, ఇంకో ఆర్నెల్లు పుట్టుకొచ్చేవి. నాకసలే ముక్కుమీద కోపం. మూడో ఆర్నెల్లు నడుస్తుండగా సందు చివరి షాపుకి వెళ్ళి గుట్టుగా మారిపోయాను. నంబరు పాతదే ఉంటుంది, కంపెనీ ఒక్కటే మారుతుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో కుట్టుమిషను దగ్గర కూర్చునే మాట్లాడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజుల్లోనే వదిన వాళ్ళక్కకి జబ్బు ముదిరింది. ఆవిడ ఎక్కడో దూరాన, మంచం మీద. డాక్టర్లు ఇక నెలల మాటే అన్నారు. వదిన రోజూ మధ్యాహ్నం మెట్ల మలుపులో నిలబడి, రెండో చెవి మూసుకుని, వాళ్ళక్క గొంతు కోసం వెతుక్కునేది.

"అక్క గొంతే సన్నగా వస్తోంది. దానికి తోడు ఈ గరగర," అంది నాతో. "కంపెనీ మారదామండీ అని ఆయన్నడిగాను. ఈ నెలాఖరుకి టవర్ పని మొదలవుతుందట, ఆగమన్నారు."

ఇంకా నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాలేదు. వదినని చెయ్యి పట్టుకుని షాపుకి తీసుకెళ్ళాను. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ వెనక గదిలో మంచం మీద పడుకుని, తలుపులన్నీ వేసుకుని, వాళ్ళక్కతో నలభై నిమిషాలు మాట్లాడింది. అలా మూడు నెలలు ఒక్క రోజు కూడా తప్పలేదు. తర్వాత ఆ అక్క పోయింది.

ఆయనకి ఈ సంగతి ఎలా తెలియలేదు, ఫోను తెర మీద కంపెనీ పేరు కనబడదా అని మీకు అనిపించవచ్చు. కనబడుతుంది. కానీ ఆయన పరాయివాళ్ళ ఫోను ముట్టుకోడు. జనం మాటలు మోసే తీగల్ని ముప్పై ఏళ్ళు చేత్తో పట్టుకున్న మనిషి. వినాలనుకుంటే ఊరందరి గుట్టూ వినగలిగి ఉండీ, వినకూడదని ఒట్టు పెట్టుకున్నాడట. ఆ ఒట్టులోకి భార్య ఫోను కూడా వస్తుంది. వదిన వెనక గదిలో మాట్లాడుతుంటే ఈయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. వెళ్ళి మెట్ల మీద మాకు చెప్పేవాడు.

"చూశారా? మూడు నెలల్లో మా ఆవిడకి ఒక్కసారి లైను తెగలేదు. మన కంపెనీ బాగుపడింది. ఆగమని నేను చెప్పలేదూ?"

అక్క పోయాక వదినని ఓదార్చడానికి కూడా అదే మాట. చివరిదాకా మాట్లాడుకోగలిగారు, మన కంపెనీ పుణ్యం అనేవాడు. ఆవిడ తలూపేది. నేను మాట మార్చేదాన్ని. అలాంటి మనిషి దగ్గర అసలు సంగతి ఎలా చెప్పాలి?

ఇక బిల్డింగువాళ్ళు. ఒక్కొక్కరే మా ఇంటికి కొలతలంటూ వచ్చి, షాపు అడ్రసు అడిగి, "అన్నయ్యకి చెప్పకు" అంటూ వెళ్ళేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి బిల్డింగు మొత్తం మారిపోయింది. మారి ఊరుకున్నామా? ఆయన ఎదురుగా ఉన్నప్పుడు ఫోను మోగితే అందరం పాత పద్ధతిలోనే మెట్ల మలుపుకి పరిగెత్తేవాళ్ళం. మోకాళ్ళ నొప్పుల రెండో అంతస్తు పెద్దాయన కూడా రొప్పుతూ దిగి, "హలో, ఇప్పుడు వినబడుతోందా?" అని నటించేవాడు. మమ్మల్ని చూస్తే మాకే నవ్వొచ్చేది.

అన్నయ్య ఫోను మాత్రం ఇంట్లో పలికేది కాదు. లోపం తన ఫోనుదే అనుకుని వదినది ఏ రకమో కనుక్కుని, అచ్చం అలాంటిదే కొన్నాడు. అదీ పలకలేదు. వారం రోజులు ప్రతి గదిలోనూ నిలబడి చూసి, చివరికి తేల్చాడు.

"టవర్ మన వైపు బలహీనపడింది. మనమంతా కలిసి అర్జీ పెట్టాలి."

పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో రెండు పేజీలు రాసి, ఇల్లిల్లూ తిరిగి, మా నంబర్ల పక్కన మా చేతే సంతకాలు పెట్టించాడు. ఇరవై రెండు నంబర్లు, ఇరవై రెండు సంతకాలు. కాదనే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. వదిన కూడా పెట్టింది. ఆ కంపెనీ సంగతి తెలిసిందే, అర్జీని ఏ మూలో పారేస్తారులే అని మా ధీమా.

పంతొమ్మిదో రోజున వాళ్ళు ఇంజనీరుని పంపించారు. కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి అమ్మాయి, భుజాన సంచీ, చేతిలో ఏదో మీటరు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆదివారం కావడంతో ఇంట్లోనే ఉన్న మమ్మల్నందర్నీ కిందికి పిలిచాడు. ఆ అమ్మాయి మీటరు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి దిగి, మా అర్జీ తీసింది.

"సార్, ఈ ఇరవై రెండు నంబర్లలో మాది ఇప్పుడు ఒక్కటే ఉంది. మీది. మిగతావాళ్ళంతా వేరే కంపెనీకి మారిపోయారు."

"పొరపాటు పడ్డావమ్మా. ఇంకోసారి చూడు," అన్నాడు అన్నయ్య. నవ్వుతూనే అన్నాడు.

ఆ పిల్లకి మా సంగతి ఏం తెలుసు పాపం. ఎవరు ఎప్పుడు మారారో నెలలతో సహా చదవడం మొదలుపెట్టింది. అందరం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. నేనైతే చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను. వదిన నంబరు దగ్గరికి వచ్చేసరికి "ఇది పద్నాలుగు నెలల కిందట" అంది. అన్నయ్య ముఖంలో నవ్వు అప్పుడు పోయింది.

ఆ అమ్మాయికి మంచినీళ్ళు ఇప్పించి, ఆమె చూపిన కాగితం మీద సంతకం చేసి, గేటు దాకా సాగనంపాడు. మా వైపు చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వదిన నన్ను కూడా రమ్మంది. తీసుకెళ్ళినదాన్ని నేనే గనక కాదనలేక వెళ్ళాను.

"వాళ్ళక్కకి బాగోలేనప్పుడేనా?" అని ఆయన నన్నే అడిగాడు.

"అవునన్నయ్యా. నేనే తీసుకెళ్ళాను. తిడితే నన్ను తిట్టండి."

"మీరు ఆగమన్నారు," అంది వదిన. "నేనైతే ఆగేదాన్నే. అక్క ఆగేలా లేదు."

ఆయన వదిన వైపు తిరిగాడు. "మరి నేను అందరి దగ్గరా గొప్పలు పోతుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"అంత సంబరంగా చెబుతుంటే ఎలా ఆపనండీ?"

"నా మాట విని ఉంటే మీ అక్కతో ఆ నాలుగు మాటలు కూడా ఉండేవి కావు నీకు," అన్నాడు. "మంచి పని చేశావు. నేనే తప్పు చెప్పాను."

ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన లైన్‌మన్ తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. వచ్చిన పని అది కాకపోయినా వాళ్ళింట్లో కూర్చుని వాళ్ళకంటే ఎక్కువ ఏడ్చాను.

తర్వాత పదిరోజులు ఆయన తలుపు ఎవరూ కొట్టలేదు. ఏ ముఖం పెట్టుకుని కొడతాం? ఇక ఆయన్ని ఎవరూ ఏమీ అడగరేమో, ఆ పాపం నాదేనేమో అని నేను కుమిలిపోయాను. పదకొండో రోజు మూడో అంతస్తులో కొత్తగా దిగిన టీచరమ్మ, ఏ సంగతీ తెలియక, ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఆయన తలుపు కొట్టింది. మా తలుపు తీసే ఉంది. నేను మిషను ఆపి చెవులు రిక్కించాను.

"నాదీ మీ కంపెనీయే అండీ. ఇంట్లో సిగ్నలే లేదు. త్వరలో టవర్ వేస్తారంటున్నారు, కొన్నాళ్ళు ఆగి చూడమంటారా?"

"మీకు రోజూ ఫోన్లో మాట్లాడే మనిషెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మ ఉందండీ. ఒంట్లో అంత బాగుండదు."

"అయితే ఆగొద్దు," అన్నాడు అన్నయ్య. చెప్పులేసుకుని, షాపు దాకా ఆమెని తనే వెంటబెట్టుకుని వెళ్ళాడు.