పాత చోటు మరవని గడియారం

సబ్‌స్టేషన్‌లో అందరికీ ఆవిడ మైక్రో అక్క. సెకనులో పదిలక్షో వంతు, అంటే ఒక్క మైక్రోసెకను తేడా వచ్చినా ఆవిడకి అన్నం సహించేది కాదు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కరెంటు తీగ ఎక్కడ దెబ్బతిన్నా ఆ అదురు రెండు చివర్లకూ పరుగెత్తుతుంది. ఏ చివరికి ఎంత ముందు చేరిందో చూసి, చెడింది ఏ టవర్ దగ్గరో ఆవిడ చెప్పేది. అందుకు రెండు చివర్ల గడియారాలూ ఉపగ్రహాలను విని ఒక్కమాట మీద ఉండాలి. ఈ చివరి గడియారంలో ఉపగ్రహాలను వినే రిసీవరు పెట్టె పాడైతే, వేరే ఊరి సబ్‌స్టేషన్‌లో ఖాళీగా ఉన్నదాన్ని తెచ్చి బిగించారు. అప్పటినుంచీ లెక్క తప్పుతోంది.

ఆ తప్పు లెక్క పట్టుకుని కొండలెక్కేది ఆవిడ తమ్ముడే, లైన్‌మాన్.

"నువ్వు చెప్పిన టవర్ నిక్షేపంగా ఉందక్కా. చెడింది దానికి రెండు టవర్ల అవతల. నీ గడియారానికి నామీద ఏం పగ?"

ఇంజినీరు గడువు పెట్టాడు. "ఇవాళ సాయంత్రంలోగా తేలకపోతే పెట్టె స్టోర్‌కి పంపేస్తాం. పాతపద్ధతిలో లైనంతా నడిచి వెతుక్కుంటారు."

అంటే ఆ అరిగిన మోకాళ్లతో వాడు ప్రతి టవరూ చూసుకుంటూ పోవాలి. అక్క గడువుకి సరేనని చీరకొంగు దోపింది.

యాంటెన్నా, కేబుల్ అంతకుముందే మార్చి చూసింది. ఇప్పుడు జాయింట్లన్నీ విప్పి, తుడిచి, బిగించింది. అరువు తెచ్చిన మరో గడియారం పక్కన పెట్టి పోల్చింది. తమది పొద్దున ముందుకు, మధ్యాహ్నం వెనక్కి పోతోంది. కేబుల్ తప్పయితే తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి. మరి ఈ ఊగడమేమిటి?

"అత్తారింటికొచ్చినా దానికి పుట్టింటి ధ్యాసే కాబోలు," అన్నాడు గుమ్మంలో కూర్చున్న తమ్ముడు.

నవ్వబోయి ఆగిందావిడ. ఇలాంటి రిసీవరు తానున్న చోటు ఒకసారి నేర్చుకుంటే, ఇక కదలలేదనే నమ్మకంతో టైము లెక్కగడుతుంది. గబగబా రిసీవరు సెట్టింగుల్లో ఆ పేజీ తెరిచింది. తెర మీది స్థలం అంకెలు ఈ ఆవరణవి కావు, పాత సబ్‌స్టేషన్‌వి! అక్కణ్ణించి ఉపగ్రహాలకున్న దూరం పట్టుకుని ఇక్కడి టైము చెబుతోంది. అవి ఆకాశంలో కదిలేకొద్దీ తప్పూ ఊగుతోంది.

"ఒరేయ్, నీ నోట్లో చక్కెర పొయ్య! నిజంగానే బెంగరా దీనికి!"

పాత చోటు చెరిపేసింది. కొత్త చోటు నేర్చుకోవడానికి దానికి రేపటిదాకా పడుతుంది. చీకటి పడకముందే ఇంజినీరు వచ్చాడు.

"విప్పేయమంటారా మేడమ్?"

"ముట్టుకోనివ్వను సార్. ఇంకా నేర్చుకుంటోంది."

"గడువుకి ఒప్పుకున్నారుగా?"

"ఒప్పుకున్నా. ఇప్పుడు ఒప్పుకోను." కుర్చీ లాక్కుని పెట్టెకి అడ్డంగా కూర్చుంది.

"మీ మొండితనానికో దండం," అంటూ అతను వెనుదిరిగాడు.

ఆ వారమే గాలివానకి లైనులో కరెంటు ఆగిపోయింది. అక్క టవర్ నంబరు చెప్పింది. తమ్ముడు తిన్నగా అక్కడికే వెళ్లి ఫోను చేశాడు.

"పైన తీగని పట్టి ఉంచే పింగాణీ పగిలి వేలాడుతోందక్కా. సరిగ్గా దాని కిందే నిలబడ్డాను."

"సంబరం చాలుగానీ, ముందు పక్కకి జరుగు," అందావిడ.